మూగబోయిన రేడియో

మన పల్లెలలో ఏ యింటికి వెళ్లినను అటకమీదనో, పాత ట్రంకుపెట్టె అడుగుననో ఒక చిన్న ట్రాన్సిస్టరు రేడియో కనబడును. దాని తోలు సంచి చినిగియుండును. ఏరియల్ కడ్డీ సగము విరిగియుండును. "ఇది పలుకునా?" అని అడిగినయెడల, "అది ఎప్పుడో పోయిందండీ" అని యింటివారు చెప్పుదురు. పోయినదని తేల్చినవారెవరు? ఎవరును మూత తీసి చూచియుండరు. ఒకనాడు మీట త్రిప్పిరి, అది పలుకలేదు. అంతటితో అది చచ్చినవాటి లెక్కలో చేరిపోయినది.

నేను రేడియో మెకానిక్కును కాను. ఒక కార్ఖానాలో విద్యుత్తు పని చేసి విశ్రాంతి తీసికొనినవాడను. టంకము పెట్టుట, మీటరుతో కొలుచుట నాకు తెలియును. ఇరుగుపొరుగువారు తెచ్చిన పాత రేడియోలను తీరికవేళ విప్పి చూచుట నాకు అలవాటు. ఇన్ని సంవత్సరములలో నేను గ్రహించినది ఒక్కటే. పోయినదని చెప్పి నా యొద్దకు తెచ్చిన రేడియోలలో ఎక్కువవాటికి లోపలి యంత్రము చెడలేదు. సెల్లులోని బలము యంత్రమునకు చేరు త్రోవలో ఎక్కడనో అడ్డు వచ్చినది. ఆ అడ్డు తీసివేసినయెడల 30, 40 ఏండ్ల నాటి రేడియో కూడ ఎప్పటివలె పలుకును.

మేము నివసించునది హైదరాబాదులోని మోతీనగరులో. ఒకవైపు బోరబండ, మరియొకవైపు ఎర్రగడ్డ. యూసఫ్‌గూడ, కృష్ణానగరు మీదుగా పైకి వెళ్లినయెడల జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగరు వచ్చును. మద్రాసునుండి తరలివచ్చిన తెలుగు సినిమా పరిశ్రమ ఆ రాతి గుట్టలమీద స్థిరపడినది. తెరమీద పేరు పొందినవారు గుట్టలమీద నివసింతురు. లైట్లు మోయువారు, వడ్రంగులు, దుస్తులు కుట్టువారు, గుంపులో నిలువబడి నటించువారు మా వీధులవంటి వీధులలో అద్దెకు ఉందురు.

ఎర్రగడ్డ ఆదివారపు సంత పాత సామానులకు పేరుపొందినది. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అటువైపు వెళ్లగా, ఒక వర్తకుడు గోనెపట్టామీద పది పన్నెండు పాత రేడియోలు పరచియుండెను. ఒకదానిని తీసి వెనుక మూత తెరచితిని. సెల్లులు పెట్టు గూడు నిండ తుప్పు పట్టియున్నది. "ఇది పలుకదు గదా, దీనిని ఎవరు కొందురు?" అని అడిగితిని. అతడు నవ్వి, "పలకకపోయినా ఫరవాలేదు సార్, సినిమావాళ్లు పట్టుకుపోతారు. పాతకాలం కథకి బల్లమీద కనబడితే చాలు. పాట తర్వాత వాళ్లే కలుపుకుంటారు" అనెను.

ఆ మాట నా మనస్సున నాటుకొనెను. రేడియో రూపము ఉన్నది, స్వరము లేదు. సినిమా బల్లమీద ఉండుటకు అది చాలును. తుపాను రాత్రి తాటాకు గుడిసెలో పిల్లలను ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లికి అది చాలదు. ఈ తేడాను నాకు బాగుగా నేర్పినవారు మా వీధిలోని ఒక వృద్ధురాలు.

మా వీధి చివరి యింటిలో ఆమె తన కుమారుని యొద్ద ఉన్నారు. కృష్ణాజిల్లాలో సముద్రపు ప్రక్కనున్న ఒక పల్లెలో అనేక సంవత్సరములు పిల్లలకు చదువు చెప్పినవారు గనుక వీధివారందరు ఆమెను పంతులమ్మగారని పిలుతురు. వయస్సు 80కి చేరువ. చూపు బాగుగా మందగించినది. ఆమె యొద్ద చేతిలో ఇమిడెడు రేడియో ఒకటి కలదు. అది రెండు పెన్సిలు సెల్లులతో పలుకునది. దానిమీది కంపెనీ పేరు కూడ చేతిరాపిడికి చెరిగిపోయినది. కుమారుడును కోడలును ఉద్యోగములకు వెళ్లుదురు, మనుమడు బడికి వెళ్లును. ఉదయమునుండి సాయంకాలమువరకు ఆ యింటిలో ఆమెతో మాటలాడునది ఆ రేడియో ఒక్కటే.

ఒకనాడు ఆమె కోడలు మా యింటికి వచ్చి, "అన్నయ్యగారూ, అత్తయ్యగారి రేడియో పోయింది. కొత్తది కొంటామంటే వద్దంటున్నారు. ఫోనులో పెట్టిస్తామంటే అద్దంమీద చేతికేమీ తగలటంలేదు, ఎక్కడ నొక్కాలో తెలియటంలేదు అంటున్నారు. పది రోజులనుంచి సరిగా అన్నం తినటంలేదు. మీరొకసారి చూడండి" అని చెప్పినది. నేను మీటరును, చిన్న స్క్రూడ్రైవరును తీసికొని వెళ్లితిని. పంతులమ్మగారు మంచముమీద కూర్చుండి ఆ రేడియోను రెండు చేతులతో పట్టుకొనియున్నారు.

"బాబూ, ఇది చచ్చిందా, బ్రతికుందా? నిజం చెప్పు" అని అడిగిరి.

"మూత తీసి చూస్తేనేగాని చెప్పలేనమ్మా" అంటిని.

"అందరూ చూడకుండానే చెప్పేశారు. నువ్వు నయం" అనిరి.

ఆమె ఒక రేడియోకొరకు అన్నము మానుకొనుట విన్నవారికి వింతగా తోచవచ్చును. కాని ఆమె తరమువారికి రేడియో అనగా ఏమో మనము జ్ఞాపకము చేసికొనవలెను. మద్రాసులో రేడియో కేంద్రము 1938లో వచ్చినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరులో వచ్చినది. హైదరాబాదులో నైజాము ప్రభుత్వము నడిపిన దక్కను రేడియోను ఆకాశవాణి 1950లో స్వీకరించినది. అయితే ఆ దినములలో కరెంటు లేని పల్లెలు మెండు. వాల్వుల రేడియోకు రెండు రకముల బ్యాటరీలు కావలెను. వాల్వులను వేడిచేయుటకు ఒకటి, 90 వోల్టులవరకు ఉండు పెద్ద పొడి బ్యాటరీ మరియొకటి. అది కొనుట బీదవారి తరము కాదు. పంచాయతీ రేడియో ముందు ఊరంతయు చేరి వినెడివారు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. ఆ పనికి షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్ అను ముగ్గురికి 1956లో నోబెల్ బహుమానము వచ్చినది. 1954లో రీజెన్సీ అను మొదటి జేబు రేడియో అంగడికి వచ్చినది. తరువాత పది యేండ్లలో మన రైతులు గట్టుమీద రేడియో పెట్టుకొని నాట్లు వేయు దినములు వచ్చినవి. సీషెల్స్ ద్వీపములనుండి ఫీబా రేడియో 1970 మొదలు 2003 వరకు పంపిన సువార్త ప్రసారములను కాపరి లేని పల్లెలలోని విశ్వాసులు అట్టి చిన్న రేడియోల చుట్టు కూర్చుండి వినిరి. టార్చిలైటులో వేయు సెల్లులే రేడియోకును చాలుటవలన ఈ మార్పు కలిగెను.

అయితే పంతులమ్మగారి రేడియో వెనుక ఇంకొక సంగతి కలదు. దానిని ఆమె నోటనే వినుట మంచిది.

"1977 నవంబరు 19, శనివారం బాబూ. మా వీధిలో రెండు రేడియోలుండేవి. మా యింటిదాన్లో సెల్లులు అయిపోయి వారమైంది. ఎండలో పెడితే కాస్త పలికేవి కదా, ఆ మబ్బుల్లో ఎండేదీ? ఎదురింటాయన దాన్లో కొత్త సెల్లులున్నయ్. ఆయన విజయవాడ పెట్టి విని, వీధిలోకొచ్చి కేకేశాడు. ఆ కేక విన్నవాళ్లం పిల్లల్ని ఎత్తుకుని బడి మేడమీదికి ఎక్కాం. ఎక్కనివాళ్ల ముఖాలు నాకింకా కనపడతయ్. మా యింట్లోనూ రేడియో ఉంది. ఉండి ఏం లాభం?"

దివిసీమను ముంచిన ఆ తుపానులో సముద్రము నిలువెత్తు గోడవలె భూమిమీదికి వచ్చినది. సుమారు 10,000 మంది మరణించిరి. హెచ్చరిక గాలిలో వచ్చుచునే ఉన్నది. ఎందరి యిండ్లలో దానిని పట్టుటకు సాధనము లేకపోయెను! సాధనము ఉన్న కొందరి యిండ్లలో దానికి బలము లేకపోయెను. ఆనాటినుండి పంతులమ్మగారు ఒక నియమము పెట్టుకొనిరి. తన రేడియోలో ఎల్లప్పుడు సెల్లులు ఉండవలెను. ఒక్కనాడైనను గూడు ఖాళీగా ఉండకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినప్పుడు కరెంటును, ఫోనులును దినములకొలది నిలిచిపోయెను. ఆ వార్త విని ఆమె తన నియమమును మరింత గట్టిగా పట్టుకొనిరి.

చిత్రమేమనగా, ఆ నియమమే ఈ రేడియోకు జబ్బు తెచ్చెను. కంటి ఆపరేషనుకొరకు, తరువాత జ్వరముచేతను ఆమె మూడు నెలలు దానిని ముట్టలేదు. లోపల సెల్లులు అట్లే ఉండిపోయెను.

ఇక దానిని ఎట్లు చూచితినో వరుసగా వ్రాయుదును. మీ యింటి రేడియోకును ఈ వరుసయే సరిపోవును. సులభమైనదానితో మొదలుపెట్టి కష్టమైనదానికి వెళ్లవలెను. చాలమంది మొదటనే మరలన్నియు విప్పి, లోపలి తీగలు కదలించి, లేని జబ్బులు తెచ్చెదరు.

మొదట రేడియో నిజముగా మూగదా, లేక స్టేషనే లేదా అని చూడవలెను. ఇటీవలి సంవత్సరములలో ఆకాశవాణి మీడియం వేవు ట్రాన్స్‌మిటర్లు కొన్ని మూయబడినవి. షార్టువేవు ప్రసారములు చాలవరకు ఆగినవి. ముల్లు పాత స్థానమున ఉన్నను అక్కడ పలుకువారు లేకపోవచ్చును. మీట బాగుగా పెంచి చెవియొద్ద పెట్టుకొనుడి. సుయ్‌మని సన్నని చప్పుడు వినబడినయెడల బలము లోపలికి చేరుచున్నదని అర్థము. అప్పుడు ముల్లు త్రిప్పి వేరు స్టేషను వెదకవలెను. ఏ చప్పుడును లేనియెడల బలము త్రోవను వెదకవలెను. పంతులమ్మగారి రేడియోలో ఏ చప్పుడును లేదు.

రెండవది సెల్లులు. అవి సరియైన దిక్కున పెట్టబడినవా? చూపు తగ్గినవారు, పిల్లలు తలక్రిందులుగా పెట్టుట సామాన్యము. బొడిపె గల తల కూడిక, చదునైన అడుగు తీసివేత. సాధారణముగా స్ప్రింగు తీసివేత వైపున ఉండును. తరువాత మీటరుతో కొలువవలెను. క్రొత్త సెల్లు 1.5 వోల్టులు గాని కొంచెము ఎక్కువ గాని చూపును. అయితే ఇక్కడ ఒక మోసము కలదు. పని లేక ఊరక ఉన్నప్పుడు అలసిన సెల్లు కూడ దాదాపు నిండు వోల్టులు చూపును. పని పెట్టిన క్షణముననే పడిపోవును. కాబట్టి రేడియో మీట త్రిప్పియుంచి, లేదా చిన్న టార్చి బల్బు తగిలించి కొలువవలెను. అప్పుడు ఒక్కొక్క సెల్లు 1.1కి దిగువకు జారినయెడల దాని పని అయిపోయినది. నాలుగు సెల్లులలో ఒకటి చచ్చినను నాలుగును చెడినట్లే, ఏలయనగా బలము ఒకదానిగుండ మరియొకదానికి వెళ్లవలెను. అందువలన పాతవాటిని క్రొత్తవాటిని కలిపి వేయరాదు. మరల మరల చార్జి చేయు సెల్లులు 1.2 వోల్టులే యిచ్చును. చాల రేడియోలు వాటితో పలుకును, కొన్ని మాత్రము నీరసముగా పలుకును. అది రేడియో తప్పు కాదు.

ఎండలో పెట్టు అలవాటును గూర్చి ఒక మాట. సెల్లు లోపల ఒక రసాయనిక పని జరుగుచుండును. పై డబ్బా జింకు లోహము, నడుమ బొగ్గు కడ్డీ, చుట్టు నల్లని మాంగనీసు పొడి, తడి లవణము. 1866లో ఫ్రాన్సు దేశస్థుడైన లెక్లాంషే చేసిన సెల్లే వీటికి మూలము. వేడి తగిలినప్పుడు లోపలి పని కొంచెము త్వరపడును గనుక కొద్దిసేపు బలము వచ్చినట్లుండును. అది చావుబ్రదుకులలో ఉన్నవానిని పరుగెత్తించుటవంటిది. పని జరిగినకొలది జింకు డబ్బా తినబడి పలుచనై చిల్లు పడును. లోపలి తడి బయటికి కారును. నెల్లూరులో తయారైన నిప్పో సెల్లైనను, మరి ఏ కంపెనీ సెల్లైనను, అయిపోయిన తరువాత గూటిలో ఉంచినయెడల ఒకనాటికి కారవలసినదే. పంతులమ్మగారి సెల్లులు అట్లే కారినవి. ఒక సెల్లు గూటికి అంటుకొనిపోయెను. దానిని మెల్లగా ఊడదీయవలసివచ్చెను.

మూడవది స్ప్రింగులును రేకులును. కారిన తడి వాటిమీద పడి తెల్లని పొక్కును, పచ్చని చిలుమును పట్టించును. చిలుముగుండ బలము పోదు. మొదట పాత టూత్‌బ్రష్షుతో పొడిని రాల్చవలెను. చేతికి పాలిథిన్ సంచి తొడుగుకొనుడి, కంటికి తగులనీయకుడి. సామాన్యమైన సెల్లు కారినయెడల ఆ తడి పులుపు జాతిది గనుక నీళ్లలో కలిపిన వంటసోడాను దూదితో అద్ది తుడువవలెను. ఆల్కలైన్ సెల్లు కారినయెడల అది క్షార జాతిది గనుక ఒక చుక్క నిమ్మరసము గాని వెనిగరు గాని అద్దవలెను. తరువాత మందుల అంగడిలో దొరకు స్పిరిటుతో తుడిచి బాగుగా ఆరనీయవలెను. చివరకు సన్నని గరుకు కాగితముతో లోహము మెరియువరకు రుద్దవలెను. స్ప్రింగు అణగిపోయియుండినయెడల మెల్లగా బయటికి లాగి సాగదీయవలెను.

ఇదంతయు చేసి క్రొత్త సెల్లులు వేసితిని. రేడియో పలుకలేదు. కోడలు నిట్టూర్చి, "ఇంక వదిలేయండి అన్నయ్యగారూ" అనినది. పంతులమ్మగారు ఏమియు అనలేదు.

నాలుగవది స్ప్రింగు వెనుకనుండి యంత్రమునకు వెళ్లు తీగ. స్ప్రింగు నిగనిగలాడుచుండవచ్చును, దాని వెనుక టంకము ఊడియుండవచ్చును. మరలు రెండు విప్పి పెట్టె తెరచితిని. ఎఱ్ఱ తీగయు నల్ల తీగయు రెండును తమ తమ చోట్లనే కనబడెను. కంటికి ఏ లోపమును లేదు. మీటరు ఒక కొన సెల్లు రేకున, రెండవ కొన తీగ చేరు చోట పెట్టి చూడగా నల్ల తీగలో ప్రవాహము లేదు. వ్రేలితో కొంచెము లాగితిని. రంగు తొడుగు సాగెను. చిలుము తొడుగులోపలికి ప్రాకి రాగిని తినివేసెను. పైకి తీగ ఉన్నది, లోపల తీగ తెగినది. అంగుళము మేర కత్తిరించి, మంచి రాగి కనబడువరకు ఒలిచి, టంకము పెట్టితిని. మీట త్రిప్పగా గరగరమని ఒక చప్పుడు వచ్చి మరల ఆగిపోయెను.

ఐదవది జాకులు. చేతి రేడియోలకు ప్రక్కన రెండు చిన్న రంధ్రములుండును. ఒకటి ఇయర్‌ఫోనుకు, మరియొకటి బయటి ఎలిమినేటరుకు. ఎలిమినేటరు పిన్ను దూర్చినప్పుడు లోపల ఒక చిన్న రేకు ప్రక్కకు తొలగి సెల్లులను విడదీయును. పిన్ను తీసినప్పుడు ఆ రేకు మరల వచ్చి కలియవలెను. అది వంగియున్నను, మురికి పట్టినను కలియదు. అప్పుడు ఎన్ని క్రొత్త సెల్లులు వేసినను ప్రయోజనము లేదు. ఇయర్‌ఫోను జాకు అదేవిధముగా స్పీకరును విడదీయును. పంతులమ్మగారి రేడియోలో ఎలిమినేటరు జాకు రేకు మురికిచేత కలిసి కలియక ఉండెను. పిన్నును ఇరువదిమార్లు దూర్చి తీసి, స్పిరిటు చుక్క వేసి, రేకును సూదితో కొంచెము లోనికి నొక్కితిని.

ఆరవది వాల్యూము మీటలోని స్విచ్చి. ఏండ్లకొలది ఒకే చోట నిలిచినయెడల అక్కడ మురికి చేరును. ఇటునుండి అటు ముప్పదిమార్లు త్రిప్పినయెడల చాలమట్టుకు పోవును. అట్లు త్రిప్పుచుండగానే స్పష్టమైన స్వరము వచ్చెను. ప్రాంతీయ వార్తలు చదువుచున్నారు. ఆ గదిలో అందరము ఒక్కసారి నిశ్శబ్దమైతిమి. పంతులమ్మగారు తల ప్రక్కకు త్రిప్పి విని, "కొంచెం తగ్గించు బాబూ, నాకు కళ్లు లేవుగాని చెవులున్నయ్" అనిరి. కోడలు నవ్వినది. తరువాత వంటగదిలోనికి వెళ్లి కన్నులు తుడుచుకొనినది.

ఇంకను రెండు సంగతులు మీకు ఉపయోగపడునని చెప్పుచున్నాను. ఎలిమినేటరు కొనువారు వోల్టులొక్కటే చూచిన చాలదు. పిన్ను నడుమ భాగము కూడికయా తీసివేతయా అని రేడియోమీది గుర్తుతో సరిచూడవలెను. అది తలక్రిందులైనయెడల లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చును. అప్పుడు నిజముగానే రేడియో పోవును. మరియు క్రొత్త సెల్లులు వేసినను పుట్‌పుట్‌మని పడవ ఇంజనువలె కొట్టుకొను రేడియోకు సాధారణముగా లోపలి పాత కండెన్సరు ఎండిపోయియుండును. అది కొద్ది రూపాయల వస్తువు. కోటీలోని గుజరాతీ గల్లీలో గాని, మీ పట్టణపు రేడియో అంగడిలో గాని దొరకును. మార్చుట మాత్రము తెలిసినవాని చేతనే చేయించుడి. మీట కట్టియున్నను సెల్లులు నాలుగు దినములలో అయిపోవుచున్నయెడల ఎక్కడనో బలము దొంగతనముగా కారిపోవుచున్నది. దానిని కూడ అతనికే చూపవలెను. అయిపోయిన సెల్లులను నిప్పులో వేయకుడి, అవి పగులును. లోపలి మసిని పిల్లలను ముట్టనీయకుడి.

ప్రియులారా, పదిమంది కన్యకల ఉపమానము మనకందరికిని తెలిసినదే. పదిమందికిని దివిటీలు ఉండెను. తేడా దివిటీలలో లేదు. నూనెలోనే తేడా ఉండెను. దివిసీమలో పంతులమ్మగారి వీధికి జరిగినదియు అదియే. రెండు యిండ్లలో రేడియోలు ఉండెను. ఒక యింట సెల్లులు ఉండెను. బలము కావలసిన రాత్రి అంగడి తెరచియుండదు. ఎండ ఉండదు. పొరుగువానిని అడుగుటకు సమయము ఉండదు. కనుక ముందుగానే చూచుకొనవలెను.

అయితే ఆమె రేడియో ఇంకొక సంగతి కూడ నేర్పుచున్నది. ఒకమారు సెల్లులు వేసితిమి గదా అని మూత మూసి మరచినయెడల, నిన్న బలమిచ్చినదే నేడు చిలుమగును. ఎప్పుడో పొందిన ఆశీర్వాదమును గూటిలో ఉంచుకొని, దానిని తిరిగి చూడక, ప్రతిదినము వాడక ఉన్నవాని సంగతి ఆలోచించుడి. పైతొడుగు నిలిచియుండును. మందిరములో అతని చోటు అతనిదే. పాటల పుస్తకము అతని చంకలోనే ఉండును. లోపలి తీగ ఎప్పుడు తెగినదో అతనికే తెలియదు. కంటితో చూచినవారికిని తెలియదు. మెల్లగా లాగి చూచినప్పుడే తెలియును. అతనిని చచ్చినవానిగా ఎంచి విడిచిపెట్టుట సుళువు. అంగుళము మేర కత్తిరించి, మంచి రాగి దొరకువరకు ఓపికతో ఒలుచుట కష్టము. సంఘములో మనకు నియమింపబడిన పని ఆ కష్టమైనదే.

యింటిలోని వృద్ధులను గూర్చి కూడ నేను ఇదే తలంచుచున్నాను. "ఆమెకేమీ పట్టదండీ, మాట్లాడదు" అని మనము చెప్పుదుము. ఆమె మాటలాడక ఎన్ని దినములైనది? ఆమెయొద్ద ఎవరైనను పది నిమిషములు కూర్చుండిరా? రేడియో పలికిన సాయంకాలము ఆ యింటి మనుమడు మొదటిసారి తన నాయనమ్మ మంచముమీద కూర్చుండి 1977 సంగతి అడిగెను. ఆ పిల్లవాడు అంతకుముందు దానిని వినలేదు. ఒకే యింటిలో ఉండియు వినలేదు! ఆమెకు చెప్పుటకు లేక కాదు. అడిగినవారు లేక ఆమె మూగబోయిరి.

ఇప్పుడు ఆ యింటిలో క్రొత్త నియమము ఏర్పడినది. సెల్లులు రేడియో గూటిలో ఉండవు, ప్రక్కన ఒక రేకు డబ్బాలో పొడిగా ఉండును. ఉపయోగించునప్పుడు వేసి, నాలుగు దినములు వాడనియెడల తీసివేయుదురు. నెలకు ఒకమారు, మొదటి ఆదివారము, మనుమడు రేకులను గుడ్డతో తుడిచి, సెల్లులను బల్బుతో పరీక్షించును. ఏ దిక్కున వేయవలెనో పంతులమ్మగారికి వ్రేలితో తెలియునట్లు, బొడిపె వచ్చు చోట గూటిలో ఒక చుక్క గోళ్లరంగు గట్టిగా ఎండబెట్టినాడు. చీకటిలో కూడ ఆమె తానే వేసికొనగలరు. పిల్లవానికి ఈ ఆలోచన ఎవరును చెప్పలేదు. నాయనమ్మతో కూర్చున్నందున వచ్చినది.

సముద్రతీరమున ఉన్న సంఘములవారికి ప్రత్యేకముగా మనవి చేయుచున్నాను. మన కోస్తాలో అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల మాసములు. అవి రాకముందే ప్రతి మందిరములోను పలుకుచున్న రేడియో ఒకటి, దాని ప్రక్కన పొడి డబ్బాలో క్రొత్త సెల్లులు రెండు జతలు ఉంచుడి. ఫోను టవరు పడిపోయినను, కరెంటు స్తంభము ఒరిగినను దూరపు స్టేషను మాట దానికి అందును. దానిని చూచుకొను పని ఒక యౌవనస్థునికి పేరుపెట్టి అప్పగించుడి. అందరి పని అనినయెడల అది ఎవరి పనియు కాదు. మీ వీధిలో విని కేకవేయువాడు ఒకడు ఉన్నయెడల, ఆ కేకకు ఎందరు మేడ ఎక్కుదురో ఎవరు చెప్పగలరు?

మీ అటకమీది పాత రేడియోను ఈ వారమే క్రిందికి దింపుడి. మూత తీయుడి. చిలుము తుడువుడి, తీగ లాగి చూడుడి, మీట ముప్పదిమార్లు త్రిప్పుడి. అప్పటికిని పలుకనియెడల తెలిసినవాని యొద్దకు తీసికొనిపోవుడి. చూడకముందే పోయినదని మాత్రము చెప్పకుడి.